కాగితంలో లేని పేర్లు

మా ఊరి పేరు చెప్పగానే బెంగుళూరు మిత్రులు "అది ఆంధ్ర కదా?" అంటారు. హిందూపురం బంధువులేమో "మీరు కన్నడంవాళ్ళు కదా?" అంటారు. రెండు మాటలూ విని నవ్వి ఊరుకోవడం చిన్నప్పటి నుంచి అలవాటైపోయింది. పావగడ తాలూకా తుమకూరు జిల్లాలో ఉంది. మూడు పక్కలా ఆంధ్ర నేల. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, సినిమాకు హిందూపురం, కోర్టు పనికి పావగడ, పెద్ద పనికి తుమకూరు. ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది బతుకు ఇలాంటిదే కనుక ఎక్కువ వివరించనక్కరలేదు.

మా ఊరు క్యాతగానచెర్లు. పేరు చివర 'చెర్లు' విని నీళ్ళున్న ఊరనుకుంటారు కొత్తవాళ్ళు. నాకు బుద్ధి తెలిసినప్పటి నుంచి చెరువు నిండిన ఏళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఇప్పుడు మాత్రం ఊరికి దూరంగా గట్టెక్కి చూస్తే, ఆకాశం కిందికి దిగి నేలంతా నీళ్ళు నిలిచినట్టు నీలంగా మెరుస్తుంది. మొదటిసారి చూసిన మా మనవడు "తాతా, ఎంత పెద్ద చెరువో!" అన్నాడు. అవి సోలార్ ప్లేట్లు. నీటి చుక్క లేని చెరువు అది.

ఆ ప్లేట్ల కింద మా అయిదెకరాల మెట్ట కూడా ఉంది. దాని గురించి రాద్దామని చాలాకాలంగా అనుకుంటూ వాయిదా వేస్తూ వచ్చాను. రాయడం మొదలుపెడితే నా తప్పు కూడా రాయవలసి వస్తుందని లోపల జంకు. ఇప్పుడు రిటైరయ్యాను. బళ్ళో పిల్లలకు నిజం చెప్పమని ముప్పై ఏళ్ళకు పైగా చెప్పినవాడిని, ఈ ఒక్కటీ చెప్పకుండా ఉండటం బాగుండదు.

పావగడ కరువు సీమ. మా వైపు పంట అంటే చెనిక్కాయే. వాన నాలుగు రోజులు ముందో వెనకో అయితే విత్తనం అప్పు మిగిలేది. బోరు వేస్తే నీళ్ళు పడవు, పడినా ఫ్లోరైడు నీళ్ళు. పళ్ళు గారపట్టి, మోకాళ్ళు వంగిపోయిన మనుషులు ప్రతి వీధిలోనూ ఉండేవారు. వయసు పిల్లలు బెంగుళూరుకు పోయి కట్టడం పనుల్లోనో, హోటళ్ళలోనో చేరేవారు. అలాంటి చోట పొలం ఉందని గర్వపడేవాళ్ళ కంటే, పొలం ఉన్నందుకు అప్పులపాలైన వాళ్ళే ఎక్కువ. మా తమ్ముడు అలాంటివాళ్ళలో ఒకడు.

అందుకే 2015లో సౌర విద్యుత్తు కోసం కర్ణాటకలో ఒక ప్రత్యేక సంస్థ ఏర్పడి, మా తాలూకాలో భూములు గుత్తకు తీసుకుంటారన్న మాట వచ్చినప్పుడు ఊళ్ళో కొట్లాట ఏమీ జరగలేదు. మొదట అనుమానాలు, తర్వాత బేరాలు, చివరికి ఒప్పుకోళ్ళు. ఎకరాకు ఏడాదికి 21,000 రూపాయలు, రెండేళ్ళకొకసారి 5 శాతం పెంపు, 28 ఏళ్ళ గుత్త. భూమి హక్కు రైతుదే. తిరుమణి, వళ్ళూరు, బాలసముద్రం, రాయచెర్లు, మా క్యాతగానచెర్లు, ఈ అయిదు ఊళ్ళలో కలిసి సుమారు 13,000 ఎకరాలు. 2018 మార్చిలో పార్కును ప్రారంభించి 'శక్తిస్థల' అని పేరు పెట్టారు. 2019 చివరికి 2,050 మెగావాట్లు పూర్తయ్యాయి. అప్పట్లో ప్రపంచంలోనే పెద్దదని పత్రికలన్నీ రాశాయి. తర్వాత రాజస్థాన్‌లోని భడ్లా దాన్ని మించింది.

భూమిని ప్రభుత్వం లాక్కోలేదు, అమ్మమనలేదు. ఇది మంచి పద్ధతని నేను అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ చాలావరకు అనుకుంటున్నాను. అయిదెకరాల మెట్ట మీద ఏడాదికి లక్షా అయిదు వేలు చేతికొస్తుందంటే మా తమ్ముడికి ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ డబ్బుతో వాడు అప్పు తీర్చాడు, కూతురి పెళ్ళి చేశాడు. అయితే ఒక లెక్క ఉంది. రెండేళ్ళకు 5 శాతమంటే మొదటి పెంపు ఎకరాకు 1,050 రూపాయలు. బియ్యం, మందులు, బడి ఫీజులు అంత నెమ్మదిగా పెరగలేదు. ఇది భూమి ఉన్నవాళ్ళ గొడవ. దానికి సంఘాలున్నాయి, విన్నపాలున్నాయి, మాట్లాడే నోళ్ళున్నాయి. నేను చెప్పదలచింది వేరే సంగతి.

ఒప్పంద పత్రాలు వచ్చిన రోజుల్లో నేను సెలవు పెట్టి ఊరికి వెళ్ళాను. పత్రం మన మాటలో లేదు. ఉన్నది కోర్టు భాష. మా వైపు రైతులకు కన్నడం అర్థం కాకపోదు, సంతలో మాట్లాడతారు, బస్సు బోర్డు చదువుతారు. కానీ 'గుత్తదారుడు', 'ఉప గుత్త', 'గడువుకు ముందే రద్దు' లాంటి మాటలు ఏ భాషలో ఉన్నా కష్టమే, పరాయి భాషలో మరీ కష్టం. ఊరి రచ్చకట్ట దగ్గర చెట్టు కింద కూర్చొని, పత్రం చేతిలో పట్టుకొని, ఒక్కొక్క షరతూ తెలుగులో చదివి చెప్పాను. రెండు పూటలు పట్టింది. "ఇరవై ఎనిమిదేళ్ళంటే నా మనవడికి పెళ్ళయి పిల్లలుంటారు గదప్పా" అని ఒక పెద్దాయన అన్నాడు. ఎవరో నవ్వారు. నవ్వినా అందరికీ గుండెలో కలుక్కుమంది.

వినేవాళ్ళందరూ కట్ట మీద, మంచాల మీద కూర్చున్నారు. కొంచెం దూరంలో, ఎండలో, కాలనీ నుంచి వచ్చిన నలుగురైదుగురు ఆడవాళ్ళు నిలబడి ఉన్నారు. వాళ్ళను ఎవరూ పిలవలేదు, పొమ్మని కూడా అనలేదు. వాళ్ళలో ఒకామె మా ఇంటి పొలంలో నలభై ఏళ్ళు పనిచేసింది. ఆమె పేరు ఇక్కడ రాయను. నాకంటే పది పన్నెండేళ్ళు పెద్దది. అయినా చిన్నప్పటి నుంచి మా ఇంట్లో పిల్లలతో సహా అందరం ఆమెను పేరు పెట్టే పిలిచేవాళ్ళం. ఆమె మాత్రం నన్ను 'సిన్నప్పా' అనేది. అది తప్పని నాకు చాలా ఆలస్యంగా తట్టింది. బడిలో కులం గురించి పాఠం చెప్పే రోజుల్లో కూడా, ఊరికి వస్తే నోట్లో ఆ పాత పిలుపే వచ్చేది.

చదవడం అయిపోయింది. అందరూ లేచి పోతున్నారు. ఆమె దగ్గరికి వచ్చి అడిగింది.

"సిన్నప్పా, అంతా సదివినావు గదా. దాంట్ల మా సుద్ది ఏమన్నా రాసుండారా?"

"ఇది భూమి గుత్త పత్రం. భూమి ఉన్నవాళ్ళ పేర్లే ఉంటాయి" అన్నాను.

"సరే సామీ. భూమి మీది. దాంట్ల సేసింది మేము. మీకు గుత్త వస్తాది. మాకు?"

నేను ఏమీ చెప్పలేదు. "ఉద్యోగాలు వస్తాయంట, చూద్దాం" అన్నాను. ఆ మాట నా నోటి నుంచి వస్తున్నప్పుడే అది అబద్ధానికి దగ్గరగా ఉందని నాకు తెలుసు. మరునాడు మా తమ్ముడూ నేనూ సంతకాలు పెట్టాం. ఆమె అడిగిన దానికి జవాబు వెతుక్కున్న తర్వాత పెట్టవలసిన సంతకం అది. ముందే పెట్టేశాను.

భూమి లేనివాడికి భూమి ఏమిస్తుంది అని అడిగితే పట్నంలో వాళ్ళు 'కూలి' అంటారు. అది సగం జవాబే. చెనిక్కాయ చేను మీద కలుపు తీయడం, చెట్టు పీకడం, కాయ తెంపడం, ఆ తర్వాత ఎండాకాలమంతా ఇళ్ళ ముందర కూర్చొని విత్తనానికి కాయ ఒలవడం, ఇవన్నీ ఆడవాళ్ళ పనులు. అవి కూలి పనులే. పంట తీసిన తర్వాత నేలలో మిగిలిన కాయను పరిగె ఏరుకోవడానికి పిల్లలతో సహా వచ్చేవారు. ఆ పరిగె కాయ మూడు నాలుగు నెలలు కాలనీలో ఇంటి ఖర్చుకు సరిపోయేది. సాళ్ళ మధ్య వేసిన కంది, అలసంద, అనప కాయ కోసేటప్పుడు కొంగులో కొంత పోసి పంపడం ఆచారం. వాన పడితే గట్ల మీద గురుగాకు, చెంచలాకు, తుమ్మికూర. వంటకు కంది కట్టె. పొలం బీడు పడితే మేకలకు మేత. ఇందులో ఏదీ పహణీలో ఉండదు. ఏదీ ఎవరి పేరు మీదా ఉండదు. కంచె వేసిన రోజున ఇవన్నీ ఒక్కసారిగా పోయాయి. పోయాయని ఏ రికార్డులోనూ లేదు, ఉన్నాయని ఎక్కడా రాసిలేదు కనుక.

ఇంకొక రకం వాళ్ళున్నారు. ప్రభుత్వ భూమిని తరతరాలుగా దున్నుకుంటూ, పట్టా కోసం అర్జీలు పెట్టుకుంటూ ఉన్నవాళ్ళు. మా రాష్ట్రంలో దీన్ని బగర్ హుకుం సాగు అంటారు. హుకుం లేని సాగు అని అర్థం. హుకుం లేనివాడికి గుత్త కూడా లేదు. కాగితం ఉన్న బీదవాడికీ, కాగితం లేని బీదవాడికీ మధ్య ఒక్క రోజులో పెద్ద గోడ లేచింది.

రిటైరైన తర్వాత తీరిక దొరికి చట్టాలు చదివాను. అప్పుడు తెలిసిన ఒక సంగతి నన్ను ఇప్పటికీ పీడిస్తుంది. 2014 జనవరి నుంచి అమల్లోకి వచ్చిన 2013 నాటి భూసేకరణ చట్టంలో 'బాధిత కుటుంబం' అన్న మాటకు నిర్వచనం ఉంది. సొంత భూమి లేకపోయినా, మూడేళ్ళుగా ఆ ప్రాంతంలో ఉంటూ, ఆ భూమి మీద కూలి చేసుకొని బతికే కుటుంబం కూడా బాధిత కుటుంబమే. అంటే ఆ ఎండలో నిలబడ్డ ఆడవాళ్ళ పేరు చట్టంలో ఉంది! సేకరణకు ముందు సామాజిక ప్రభావ అధ్యయనం చేయాలి, పంచాయతీతో చర్చించాలి, బహిరంగ విచారణ పెట్టాలి. కానీ మా ఊళ్ళో జరిగింది సేకరణ కాదు, గుత్త. కనుక ఆ తలుపు తెరుచుకోలేదు. పెద్ద పరిశ్రమ వస్తే పర్యావరణ అనుమతి కోసం బహిరంగ విచారణ పెట్టాలని 2006 నాటి కేంద్ర ప్రకటన ఉంది. సోలార్ ప్లేట్ల విద్యుత్తు దాని కిందికి రాదు, పొగ లేదు, మసి లేదు కనుక. ఆ రెండో తలుపూ తెరుచుకోలేదు.

ఎవరూ చట్టం మీరలేదు. రైతు భూమి రైతుకే ఉండాలన్న మంచి ఉద్దేశంతో గుత్త పద్ధతి తెచ్చారు. పొగ లేని విద్యుత్తు కనుక దాన్ని విచారణ నుంచి మినహాయించారు. ఈ రెండు మంచి పనుల నడుమ, భూమి లేని మనిషిని 'నీకేం కావాలి' అని అడగవలసిన అవసరం ఎవరికీ లేకుండా పోయింది. అన్యాయం చేయాలనుకున్నవాడు ఒక్కడు కూడా లేకుండానే అన్యాయం జరిగిపోతుందని నాకు మా ఊళ్ళోనే తెలిసింది.

పార్కు వచ్చిన తర్వాత కొన్ని పనులు వచ్చిన మాట నిజం. కావలి, ప్లేట్లు కడగడం, ప్లేట్ల కింద పెరిగే కసువు కోయడం. చదువుకున్న కుర్రాళ్ళలో కొందరికి యంత్రాల దగ్గర పని దొరికింది. అయితే 13,000 ఎకరాల చెనిక్కాయకు కావలసిన చేతులు వేరు, 13,000 ఎకరాల అద్దాలకు కావలసిన చేతులు వేరు. మిగిలిన చేతులు బెంగుళూరు బస్సెక్కాయి.

ఒక ఉగాదికి ఊరికి పోయినప్పుడు ఆమె ఇంటికి వెళ్ళాను. ఇంటి లోపలికి వెళ్ళడం అదే మొదటిసారి. నలభై ఏళ్ళు ఆమె మా ఇంటికి వచ్చింది, నేను ఒక్కసారీ ఆమె ఇంటికి పోలేదు. "అక్కా" అని పిలిచాను. ఆమె కొంచెం బిత్తరపోయింది. కూర్చోబెట్టి కాఫీ ఇచ్చింది. గుత్త డబ్బులో ఏటా కొంత ఆమెకు ఇద్దామని తమ్ముడితో మాట్లాడి ఒప్పించి వచ్చాను. ఆ మాట చెప్పాను.

ఆమె వెంటనే ఏమీ అనలేదు. గ్లాసు కడిగి బోర్లించి వచ్చి కూర్చుంది.

"మీరు ఇచ్చేది మీ మంచితనం సామీ. నేను తీసుకుంటా, లేదనను. నాకొకదానికి ఇస్తే, ఈ వీధిలో కడమోళ్ళ సంగతేంది? రేపు మీ పిల్లోళ్ళు ఇస్తారా? నాకు ఆ కాగితాలు సదివి సెప్పు. మా పేరు యాడ రాపియ్యాలో సెప్పు."

నేను ఏదో ఇచ్చి నా బరువు దింపుకుందామని పోయాను. ఆమె ఆ బరువును నా నెత్తిన మళ్ళీ సరిగ్గా సర్ది పంపింది.

ఆ ఎండాకాలమంతా వారానికి రెండు సాయంత్రాలు కాలనీలో గుడి ముందర లైటు కింద కూర్చున్నాం. మొదట ఆరుగురు ఆడవాళ్ళు, తర్వాత పదిహేను మంది దాకా. నేను చదివేవాణ్ణి, వాళ్ళు వినేవారు, అడిగేవారు. గుత్త పత్రం మళ్ళీ మొదటి నుంచి చదివాను. 2013 చట్టంలో ఆ నిర్వచనం చదివాను. ఉపాధి హామీ చట్టం 2005లో వచ్చినప్పుడు, పని కావాలని అర్జీ ఇస్తే తేదీ వేసిన రసీదు ఇవ్వాలనీ, పదిహేను రోజుల్లో పని చూపకపోతే భృతి ఇవ్వాలనీ అందులో రాశారని చదివి చెప్పాను. "ఇన్నేండ్లు మాకెవురూ సెప్పలేదే" అన్నారు. నిజమే. ఆ చట్టం వచ్చినప్పుడు నేను కూడా బళ్ళో పనిచేస్తున్నాను. నేను కూడా చెప్పలేదు.

పక్క జిల్లా అనంతపురం సంగతి వాళ్ళకు చెప్పాను. ఆ ఉపాధి పథకాన్ని దేశంలో మొట్టమొదట 2006 ఫిబ్రవరి 2న ప్రారంభించింది ఆ జిల్లా నార్పల మండలం బండ్లపల్లిలోనే. ఆ తర్వాత ఆంధ్రలో సామాజిక తనిఖీ అని ఒక పద్ధతి తెచ్చారు. ఊరి కూలీల పిల్లలకే శిక్షణ ఇచ్చి, మస్టరు రోలు పట్టుకొని ఇల్లిల్లూ తిరిగి, 'ఇన్ని రోజులు పని చేసినట్టు, ఇంత కూలి తీసుకున్నట్టు రాసి ఉంది, నిజమేనా?' అని అడిగించారు. తర్వాత అందరి ముందూ గట్టిగా చదివారు. చదివింది తెలుగులో. కాగితం మీద ఉన్న తన పేరును మొదటిసారి చెవితో విన్న మనిషి నోరు విప్పాడు. సొమ్ము తిన్నవాళ్ళు కొందరు ఆ సభల్లోనే తిరిగి కట్టవలసి వచ్చింది. మాకు గంట ప్రయాణం దూరంలో ఇది జరిగింది. సరిహద్దు ఇవతల ఉన్న మాకు వినబడలేదు.

జహీరాబాద్ పక్క పస్తాపూర్ సంగతి కూడా చెప్పాను. ఆ సీమ కూడా మనలాగే కర్ణాటక సరిహద్దున ఉన్నదే. 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీతో కలిసి అక్కడి దళిత ఆడవాళ్ళు ఊరూరా సంఘాలు పెట్టుకున్నారు. భూమి లేనివాళ్ళు కలిసి భూమి గుత్తకు తీసుకొని జొన్న, కొర్ర, కంది పండించారు. బీడు భూములు సాగులోకి తెచ్చి, ఆ ధాన్యంతోనే ఊరి బీదలకు సొంత రేషన్ నడిపారు. ఎవరు ఎంత బీదవాళ్ళో తేల్చింది ఆఫీసు కాదు, ఆ ఊరివాళ్ళే. 2008లో సంఘం రేడియో పెట్టి తమ యాసలోనే మాట్లాడారు. 2019లో ఐక్యరాజ్యసమితి వాళ్ళ ఈక్వేటర్ ప్రైజ్ ఆ సంఘాలకు వచ్చింది. ఇది విని మా అక్క అన్న మాట ఒక్కటే. "గుత్తకు తీసుకునేది కూడా ఉంటాదా? మేము గుత్తంటే ఇచ్చేదే అనుకుంటిమి."

ఆ ఎండాకాలం చివర్లో ఊరి సభకు పోవాలని నిర్ణయించారు. కర్ణాటక పంచాయతీ చట్టం 1993 నాటిది. వార్డు సభ, గ్రామ సభ ఆరు నెలలకొకసారైనా జరగాలని అందులో ఉంది. ఆడవాళ్ళకు పంచాయతీల్లో సగం సీట్లు 2010 నుంచి ఉన్నాయి. దేశంలో అందరికంటే ముందు, 1987 ఎన్నికల్లోనే, ఆడవాళ్ళకు నాలుగో వంతు సీట్లు ఇచ్చిన రాష్ట్రం మాది. కుర్చీలకు కొదవ లేదు. కుర్చీలో కూర్చున్నవాళ్ళనూ, ఎదురుగా నిలబడినవాళ్ళనూ కలిపే మాట కావాలి.

సభలో ఇవ్వడానికి అర్జీ రాయమన్నారు. నేను రాశాను. 'భూరహిత కూలీ మహిళలకు జీవనోపాధి అవకాశాలు కల్పించవలసిందిగా ప్రార్థన' అని మొదలుపెట్టి ఒక పేజీ. చదివి వినిపించాను. అందరూ మౌనంగా విన్నారు. చివరికి ఆమె అంది.

"బాగుంది సిన్నప్పా. కానీ ఇది మేము అన్న మాట కాదే."

ఆ కాగితం చింపేశాను. మీరు చెప్పండి, నేను రాస్తాను అన్నాను. వాళ్ళు చెప్పినవి మూడే. ఒకటి, కసువు కోసే పనీ, ప్లేట్లు కడిగే పనీ వచ్చినప్పుడు ముందు కాలనీలో అడగాలి, కూలి ఫలానా రోజున అని చెప్పి ఇవ్వాలి. రెండు, మేకలను ఊరి బీడుకు తోలుకుపోవడానికి కంచెల నడుమ ఒక దారి కావాలి. మూడు, పార్కు పేరు మీద ఊరికి ఏ పని చేసినా, బడి గది కానీ రోడ్డు కానీ, ఏది ముందో కాలనీవాళ్ళను కూడా అడగాలి. నేను రాసిన పేజీలో ఇవేవీ లేవు. ఉన్నది నా జాలి. ముప్పై ఏళ్ళు అయ్యవారిగా పనిచేసి, ఇతరుల మాటను వాళ్ళ మాటగానే రాయడం ఆ రోజు నేర్చుకున్నాను.

సభలో ఆమె లేచి మాట్లాడింది. తెలుగులోనే మాట్లాడింది. అక్కడున్న అందరిదీ ఇంట్లో తెలుగే. అయినా సభ అనగానే కన్నడంలో మొదలుపెట్టడం అలవాటు. నాకు కన్నడం మీద కోపం లేదు. నాకు అన్నం పెట్టిన భాష అది. నాకు అక్షరం నేర్పిన కన్నడం అయ్యవారిని ఇప్పటికీ తలచుకుంటాను. కానీ అలవాటుకూ అవసరానికీ తేడా ఉంది. ఆమె మూడు మాటలూ చెప్పింది. పుస్తకంలో రాసుకుంటున్న కుర్రాడు రాసుకున్నాడు. అయిపోయిందని అందరూ అనుకున్నారు. ఆమె కూర్చోలేదు.

"రాసింది సదువు నాయనా."

అతడు కన్నడంలో చదవబోయి ఆగి, ఆమె ముఖం చూసి, తెలుగులో చెప్పాడు. రెండు మాటలు రాశాడు, మేకల దారి వదిలేశాడు. కావాలని కాదు, తొందరలో. "మేకల దారి రాలేదే" అంది. అతడు నవ్వి, అదీ రాశాడు. "ఇప్పుడు మా పేర్లు రాయి" అంది. పద్నాలుగు పేర్లు రాయించింది. ఒక్కొక్క పేరూ ఆయా మనిషి లేచి నిలబడి చెప్పింది.

ఆ తర్వాత ఏమైందని పాఠకులు అడుగుతారు. పెద్ద విజయం ఏదీ లేదు. కొందరికి కసువు పని దొరికింది. కూలి రోజు సంగతి కొంత మెరుగైంది. మేకల దారి ఇంకా తేలలేదు, ప్రతి సభలోనూ అడుగుతున్నారు. బెంగుళూరు బస్సెక్కిన చేతులు తిరిగి రాలేదు. అయితే ఇప్పుడు సభలో రాసింది గట్టిగా చదవడం ఆచారమైంది. కట్ట మీద కూర్చునే రైతులు కూడా, తమ 5 శాతం గొడవ వచ్చినప్పుడు, "ఏమి రాసినావో సదువప్పా" అంటున్నారు. ఆ మాట ఎక్కడ నుంచి నేర్చుకున్నారో వాళ్ళకు గుర్తుందో లేదో.

మన పత్రికలో తెలుగు భాష గురించి చాలా రాస్తుంటాం. బళ్ళు మూతపడుతున్నాయని, పిల్లలకు అక్షరాలు రావని బాధపడతాం. ఆ బాధ నాకూ ఉంది. మా తాత పెద్దబాలశిక్ష పెట్టి నేర్పకపోతే నేనూ ఈ వ్యాసం రాయలేకపోయేవాణ్ణి. కానీ భాషను కాపాడుకోవడమంటే పద్యాలు కాపాడుకోవడం ఒక్కటే అనుకుంటే పొరపాటు. హొసూరులో కానీ, బళ్ళారిలో కానీ, కోలారులో కానీ, మన మాట మాట్లాడే కూలి మనిషి బతుకును నిర్ణయించే కాగితం వేరే భాషలో వస్తూనే ఉంటుంది. ఆ కాగితాన్ని ఆమె మాటలో చదివి చెప్పేవాడూ, ఆమె మాటను ఆ కాగితంలోకి ఎక్కించేవాడూ ఊరికొకడు ఉంటే చాలు. మిగతా పని వాళ్ళే చేసుకుంటారు, మనకంటే బాగా చేసుకుంటారు.

ఒక్క విన్నపం. మీ ఊరికి ఏ పథకం కాగితం వచ్చినా చెట్టు కింద కూర్చొని చదవండి. చదివేటప్పుడు ఎండలో దూరంగా ఎవరైనా నిలబడ్డారేమో చూడండి. వాళ్ళను నీడలోకి పిలిచి కూర్చోబెట్టి, అప్పుడు మొదలుపెట్టండి. సంతకం తర్వాత.

నేను ఇప్పుడు ఆమెను అక్కా అనే పిలుస్తున్నాను. ఆమె మాత్రం నన్ను ఇంకా సిన్నప్పా అనే అంటుంది. మానమని రెండుమూడు సార్లు చెప్పాను. "నోటికి అలవాటైపాయ" అని నవ్వింది. మొన్న ఈ వ్యాసం రాసి ఆమెకు చదివి వినిపించాను. అంతా విని, "నా పేరు రాయలేదే" అంది. రాయమంటావా అని అడిగాను. కాసేపు ఆలోచించింది.

"పత్రికలో వద్దులే. సభ పుస్తకంలో ఉంది గదా, సాలు."